మైకు ముందు మా యాసకు జీతగాని వేషమేనా?

నీళ్లు, నిధులు, నియామకాలు. ఈ మూడింటి లెక్క అడిగినం. ఏండ్లకేండ్లు అడిగినం, కొట్లాడినం, బిడ్డలను పోగొట్టుకున్నం. 2014 జూన్ 2న రాష్ట్రం తెచ్చుకున్నం. కానీ నాలుగో లెక్క ఒకటి ఇంకా తేలలేదు. అది గొంతు లెక్క. ఈ గడ్డ మీద గాలిలో తిరిగిన మాట ఎవరిది? ఎవరి మాట మర్యాద అయింది? ఎవరి మాట నవ్వులాట అయింది? ఈ లెక్క తియ్యాలంటే ముందుగాల రేడియో నాటకం దగ్గర కూసోవాలె.

రేడియో నాటకమే ఎందుకు? సినిమాలో మొఖం ఉంటది, వేషం ఉంటది. స్టేజీ మీద తెర ఉంటది, దీపాలు ఉంటయి. రేడియోలో ఇవేమీ లేవు. తలుపు చప్పుడు, చెప్పుల చప్పుడు, ఇంత వాన, ఇంత గాలి. మిగిలిందంతా మాటే. మనిషి ఎవరు, ఏం చదివిండు, ఏ ఇంటోడు, గుణమేంది, అన్నీ గొంతుతోనే చెప్పాలె. కాబట్టి రేడియో నాటకంలో ఏ పాత్ర నోట్లో ఏ యాస పెట్టిన్రన్నది చిన్న ముచ్చట కాదు. అక్కడ యాసే ఆ మనిషి.

మరి ఏ యాస ఎవరికి దక్కింది? డాక్టరు, ప్లీడరు, కాలేజీ పిల్ల, ప్రేమలో పడ్డ పిలగాడు, కన్నీళ్లు పెట్టించే తల్లి. వీళ్లందరిది కృష్ణా, గుంటూరు, గోదావరి చదువరుల మాట. ఇక జీతగాడు, పనిమనిషి, తాగుబోతు, ఏం తెల్వని ఊరోడు వచ్చేసరికి మన మాట గుర్తుకొచ్చేది. మినహాయింపులు లేవని మేము అనం. కానీ మినహాయింపులను చూపెట్టి రివాజును దాచిపెడితే ఒప్పుకోం. అవ్వ, అమ్మ, నాయిన ఇంట్ల మాట్లాడే మాటను అదే ఇంట్ల రేడియో ఎక్కిరిస్తుంటే, అది విన్న పిల్లలు బడికి పోయి నోరు తెరువనీకె జంకిన్రు. ఆ జంకు ఉద్యోగాల ఇంటర్వ్యూల దాకా వెంట వచ్చింది. చెవిలో నాటిన చిన్నతనం అంత తొందరగ పోదు.

ఇంకో తమాష ఉన్నది. తెలుగు రేడియో చరిత్ర చెప్పేటోళ్లు ఎక్కడ మొదలుపెడతరు? 1938లో మద్రాసు దగ్గర. ఆ తర్వాత 1948 డిసెంబర్‌లో విజయవాడ. మరి హైదరాబాద్? 1930ల మొదట్లనే చిరాగ్ అలీ గల్లీలో మహబూబ్ అలీ పెట్టిన చిన్న కేంద్రం ఉన్నది. 1935లో అది నిజాం సర్కారు చేతికి పోయి దక్కన్ రేడియో అయింది. ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ భాషల్లో కార్యక్రమాలు వచ్చినయి. మద్రాసులో ఆలిండియా రేడియో మైకు తెరవక ముందే ఈ ఊళ్లె మైకు ఉన్నది. కానీ తెలుగు రేడియో కథలో దానికి దొరికేది ఒక పాదసూచికంత జాగ.

దక్కన్ రేడియో మా బంగారమని మేము చెప్పుకోం. అది రాజు రేడియో. రజాకార్ల ప్రచారానికీ అదే మైకు. 1948 సెప్టెంబర్ 17న నిజాం తన ఓటమిని లోకానికి చెప్పింది కూడా ఆ మైకులోనే. మంచికో చెడుకో అది ఈ గడ్డ చరిత్ర. చరిత్రను విమర్శించుడు వేరు, లేనట్టే రాసుడు వేరు. చరిత్రే లేదన్నోనికి భాష కూడా లేదని చెప్పుడు అలకగ అయితది.

1950 ఏప్రిల్ 1న హైదరాబాద్ కేంద్రం ఆలిండియా రేడియోలో కలిసింది. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ఆ తర్వాత కోస్తా నుంచి దిగ్గజాలు హైదరాబాద్ రేడియోకు వచ్చిన్రు. స్థానం నరసింహారావు, దేవులపల్లి కృష్ణశాస్త్రి, గోపీచంద్, మునిమాణిక్యం, రేడియో అన్నయ్య, అక్కయ్య. వాళ్ల ప్రతిభ మీద మాకు పేచీ లేదు. శారదా శ్రీనివాసన్ గొంతు విని ఏడ్వని ఇల్లు తెలంగాణలో ఉన్నదా? మన దాశరథి సుత రేడియోలో పనిచేసిండు. మా పంచాది మనుషులతో కాదు, కొలతబద్దతో. ఒక ప్రాంతపు మాటను ‘శిష్ట భాష’ అని కొలతబద్ద చేసి, మిగతా ప్రాంతాల మాటను దాంతోటి కొలిచి ‘మాండలికం’ అని పక్కకు పెట్టుడే అసలు అన్యాయం. ఆ కొలతబద్ద పట్టుకున్నంక ఎంత మంచి కళాకారుడైనా మనకు అదే వడ్డిస్తడు.

కేంద్రాల లెక్క కూడా చూడుర్రి. విశాఖపట్నం, కడపలకు 1963లో రేడియో కేంద్రాలు వచ్చినయి. తెలంగాణ జిల్లాలకు? ఆదిలాబాద్‌కు 1986లో. ఆ తర్వాత కొన్నేండ్లకు కొత్తగూడెం, వరంగల్, నిజామాబాద్. అంటే ఇరువై మూడేండ్ల ఆలస్యం. ‘మీకు రాజధానిలనే కేంద్రం ఉన్నది గదా’ అనేటోళ్లు. రాజధానిలో నౌకర్లు ఉన్నయి గదా అని కూడా అన్నరు. అవి ఎవరి పాలైనయో 1969లో యూనివర్సిటీ పిల్లలు రోడ్డెక్కి చెప్పిన్రు.

‘నాటకానికి అందరికీ అర్థమయ్యే భాష కావాలె గదా’ అని పెద్దమనుషులు అంటరు. దీనికి రెండు జవాబులున్నయి.

ఒకటి. కన్యాశుల్కం ఏ భాషలో ఉన్నది? 1892లో విజయనగరంలో ఆడిన ఆ నాటకం నిండా ఆ సీమ పలుకుబడే. గిరీశం, మధురవాణి, రామప్ప పంతులు ఎవరి మాట వాళ్లు మాట్లాడుతరు. అందుకే అది వందేండ్లు దాటినా బతికి ఉన్నది. దాన్ని రేడియోలో విని మనమూ మురిసినం. అర్థం కాలేదని ఒక్క తెలంగాణోడన్నా ఉత్తరం రాసిండా? విజయనగరం పలుకు సాహిత్యమైనప్పుడు వనపర్తి పలుకు, సిరిసిల్ల పలుకు ‘మాండలికం’ ఎట్లయింది? గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం కొట్లాడిండు. గ్రాంథికం గద్దె దిగింది. కానీ ఆ గద్దె మీద అందరి వాడుక కూసోలేదు, కొందరి వాడుకే కూసున్నది.

రెండు. అర్థం చేసుకునే బరువు ఎప్పుడూ మన నెత్తినేనా? జహీరాబాద్ రైతు యాభై ఏండ్లు ‘వచ్చేశాడండీ’, ‘చూశావా’ విని అర్థం చేసుకున్నడు. తెనాలి శ్రోత ‘వచ్చిండు’, ‘చూసినవా’ ఎందుకు అర్థం చేసుకోలేడు? చేసుకోగలడు. ఆయనను అడిగినోడే లేడు. మధ్యల ఉన్న దళారికే అర్థం కాలేదు.

ఇక హాస్యం. మేము నవ్వుకు విరోధులం కాము. తెలంగాణోని నోట్లో ఉన్నంత ఎకసెక్కం ఎక్కడున్నది? ఒగ్గుకథ చెప్పేటాయన ఒక్క గొంతుతో రాజు అయితడు, రాణి అయితడు, నడుమ ఊరి పటేల్ మీద ఒక చురక ఏస్తడు. డోలు చప్పుడే యుద్ధం, డోలు చప్పుడే వాన. దృశ్యం లేకుండ గొంతుతోనే లోకం కట్టుడు మనకు రేడియో నేర్పలేదు. మన నోటి కళలు ఆ పని ఎన్నడో చేసినయి. చిందు భాగవతం, శారద కథ కూడా గసొంటియే. కానీ వీటికి దొరికిందేంది? ‘జానపదం’ అనే మూల. నాటకం అనే పెద్దర్ర వేరేటోళ్లది. మనం నవ్వించుడు వేరు, మమ్మల్ని చూసి నవ్వుడు వేరు. మొదటిది కళ, రెండోది అవమానం.

రాష్ట్రం వచ్చినంక మారలేదా? కొంత మారింది. సినిమాకు సోయి వచ్చింది. 2017లో ఫిదాలో కథానాయిక మన మాట మాట్లాడింది. 2023లో బలగం మొత్తం మన మాటే, మన చావు, మన దినాలు. రెండు రాష్ట్రాల జనం చూసి ఏడ్చిన్రు. అర్థం కాదన్న వాదన థియేటర్లనే సచ్చిపోయింది. టీవీలో తీన్మార్ వార్తలతో మన మాట ఇంటింటికీ పోయింది, సంతోషమే. కానీ ఒక్కటి గమనించుర్రి. నవ్వులాట వార్తకు మన భాష, బడ్జెట్ వార్తకు, కోర్టు తీర్పు వార్తకు ‘శిష్ట భాష’. వేషం పాతదే, వేదిక కొత్తది.

మరి గౌరవంగ మన గొంతు మోగిన జాగ లేనే లేదా? ఉన్నది. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడబిడ్డలు 1990ల చివరనే స్టూడియో పెట్టుకున్నరు. లైసెన్సు లేదు. అయినా ఆగలేదు. క్యాసెట్ల మీద రికార్డు చేసి సంఘం మీటింగులల్ల వినిపించుకున్నరు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ధర్మాసనంలో హైదరాబాద్ హైకోర్టు నుంచి ఎదిగిన జస్టిస్ జీవన్‌రెడ్డి ఉన్నరు. కానీ స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో ఇయ్యొచ్చని ఢిల్లీ సర్కారు విధానం మార్చేసరికి 2006 వచ్చింది. 2008 అక్టోబర్ 15న సంగం రేడియో గాలిలోకి వచ్చింది. నడిపింది జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. విత్తనం ముచ్చట, జొన్నల ముచ్చట, పండుగ పాట, ఒంటి నొప్పికి మందు, అన్నీ వాళ్ల మాటలోనే. ఆ రేడియోలో ‘ఏందే’ అన్న గొంతు పనిమనిషిది కాదు, ఎవుసం నేర్పే పంతులమ్మది. యాస మారలేదు, మైకు చేతులు మారింది. అంతే ఫరకు.

కాబట్టి మా డిమాండ్లు సాఫ్‌గ చెప్తున్నం. తెలంగాణలోని రేడియో కేంద్రాల బీరువాలల్ల మిగిలిన పాత టేపుల లెక్క తియ్యాలె. ఖర్చు తగ్గుతదని టేపులు చెరిపి మళ్ల వాడుకున్న రోజులు రేడియోకు ఉన్నయి. చెరిగింది పోయింది, మిగిలింది చెదలు పట్టకముందే జనానికి వినిపించాలె. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’, యశోదారెడ్డి ‘మా ఊరి ముచ్చట్లు’ చెవి కోసమే పుట్టినట్టుంటయి. వాటిని ఈ తరం గొంతులతో నాటకాలు చెయ్యాలె. ఆ నాటకాలల్ల జడ్జి, డాక్టరమ్మ, ప్రేమించిన పిల్ల మన మాటే మాట్లాడాలె. ఏడాదికి ఒక్క దినం, కాళోజీ పుట్టినరోజున, తెలంగాణ భాషా దినోత్సవమని దండలేస్తే సరిపోదు.

ఆఖరిగ మన వాళ్లకు ఒక మాట. హైదరాబాద్ చుట్టుముట్టు మాటను కొత్త ‘శిష్ట తెలంగాణ’ చేసి ఉట్నూరు గోండు బిడ్డ మీద, తండా పిల్ల మీద, భద్రాచలం కోయ పిలగాని మీద రుద్దితే మనమూ ఆ కొలతబద్దోళ్లమే అయితం. గోండి, కోయ, లంబాడి, దక్కనీ ఉర్దూ నాటకాలకు ‘గిరిజన కార్యక్రమం’ అనే మూల కాదు, పెద్దర్రలో పీట ఎయ్యాలె. అవమానం రుచి తెలిసినోళ్లం. ఇంకొకరికి అది వడ్డించే హక్కు మనకు లేదు.

గాలి ఎవని జాగీరు కాదు. ఆ గాలిలో మా గొంతు జీతం చెయ్యదు.

జై తెలంగాణ!