ఇంటి లెక్కలు: అద్దె ఒకరి చేతికి, పన్ను ఎవరి నెత్తికి?

“అద్దె ఎవరు పుచ్చుకుంటే పన్ను వారే కట్టాలి” అనే మాట మన ఇళ్ళలో తరచు వింటూ ఉంటాము. మేమూ అదే నమ్మాము. ఆ నమ్మకం తోబుట్టువుల మధ్య మాటలు తగ్గిపోయేదాకా తెచ్చింది గనుక, ఈ నెల ఆ సంగతే మనవి చేస్తున్నాము.

చెన్నపట్నంలో నాన్నగారు కట్టించిన ఇల్లు వీలునామా ప్రకారం మా ముగ్గురికీ సమానంగా వచ్చింది. అన్నయ్య ఆ ఊళ్ళోనే ఉద్యోగం గనుక అద్దె వసూలు ఆయనదే. అక్కయ్య బరంపురంలో, మేము బెంగుళూరులో. వంతులు పంచేముందు అన్నయ్య పన్నుకని కొంత తీసివేసేవారు. “ఇంత పన్నా?” అని మాకు అనుమానం. చాకిరీ చేసి మాట పడవలసి వచ్చిందని ఆయనకు కష్టం. తీరా చూస్తే, ఆయన మొత్తం అద్దెను తన జీతంతో కలిపి చూపుతున్నారు!

ఆడిటరుగారు చెప్పినది ఇది: వాటాలు ఇంతింత అని తేలి ఉన్నప్పుడు ఎవరి వాటా వారి ఆదాయంలోనే చేరుతుంది. అద్దె ఎవరి ఖాతాలో పడినా సరే.

లెక్క చూడండి. నెలకు 20,000 చొప్పున ఏడాది అద్దె 2,40,000 రూపాయలు. యజమాని కట్టిన ఇంటిపన్ను 15,000 పోగా 2,25,000. అందులో నూటికి 30 వంతున 67,500 తీసివేయగా మిగిలినది 1,57,500. మొత్తం అన్నయ్యదే అయితే, నూటికి 30 కట్టే ఆదాయం గనుక, 47,250 రూపాయలూ పైన సెస్సూ. వాటా ప్రకారం ఒక్కొక్కరికి వచ్చేది 52,500 మాత్రమే. అక్కయ్యకు వేరే ఆదాయమే లేదు. ఆమె వంతుకు పన్నే లేదు. ఇన్నేళ్ళూ ఆమె దగ్గర కోసినదంతా వృథా! గడువు దాటిన సంవత్సరాలను ఇప్పుడు దిద్దుకొనే వీలూ లేదు.

మరికొన్ని సంగతులు. ఇంటిపన్ను ఆ ఏడు నిజంగా చెల్లించినదే తీసివేయాలి. బాకీ పెట్టినది పనికిరాదు. 1922 నాటి చట్టంలో మరమ్మతులకు ఆరోవంతు ఇచ్చేవారు. నేడు నూటికి 30. సున్నం వేయించకపోయినా అంతే, లక్షలు ఖర్చుపెట్టినా అంతే. అప్పు చేసి కట్టిన ఇల్లయితే వడ్డీని కూడా తీసివేయవచ్చు. తిరిగి ఇవ్వవలసిన అడ్వాన్సు అద్దె కాదు. దానిని అద్దెలో సర్దుకుంటే మాత్రం అద్దే. పన్ను తప్పించుకుందామని ఇంటిని ఊరకనే భార్య పేర వ్రాసినా, ఆ అద్దె భర్త ఆదాయంలోకే వస్తుంది.

ఇప్పుడు అన్నయ్య ఏటా మార్చి నెలాఖరున ఒక కాగితం మీద అద్దె, ఇంటిపన్ను, ముగ్గురి వంతులు వ్రాసి, రసీదు నకలుతో పంపుతున్నారు. ఎవరి పన్ను వారిది. ఉమ్మడి ఇల్లు అద్దెకిచ్చిన పాఠకులు ఆ ఒక్క కాగితం ఈ ఏడే వ్రాసుకోవలసిందిగా మా విన్నపం. మొన్న సంక్రాంతికి అక్కయ్య చెన్నపట్నం వచ్చి అన్నయ్య ఇంట్లోనే దిగింది.