అరువు లైబ్రరీలు, లైసెన్సు చిక్కులు

సాఫ్ట్‌వేరును మొదటి అక్షరం నుంచి సొంతంగా రాసుకొనేవారు నేడు దాదాపు లేరు. ఇతరులు రాసి బహిరంగంగా ఉంచిన లైబ్రరీలను, అనగా సిద్ధంగా ఉన్న ప్రోగ్రాము భాగాలను తెచ్చి కలుపుకోవడమే పరిపాటి. వీటికి రుసుము లేకపోవచ్చు గాని షరతులు లేకపోలేదు. రచయిత హక్కుల ప్రకటనను, లైసెన్సు పాఠాన్ని తొలగించవద్దని కోరడంతో ఎమ్‌ఐటీ లైసెన్సు సరిపెట్టుకొంటుంది. జీపీఎల్ అలా కాదు. దాని కింద ఉన్న కోడ్‌ను కలుపుకొన్న ప్రోగ్రామును పంపిణీ చేసేవారు మొత్తం సోర్సు కోడ్‌ను అవే షరతులపై ఇవ్వవలసి ఉంటుంది.

ఈ తగవు కొత్తది కాదు. 1996లో జర్మనీలో మొదలైన కేడీఈ ప్రాజెక్టు నార్వేకు చెందిన ట్రోల్‌టెక్ సంస్థ లైబ్రరీ 'క్యూటీ'పై ఆధారపడింది. కేడీఈ ప్రోగ్రాములు చాలావరకు జీపీఎల్ కింద ఉండగా, క్యూటీని మార్చి పంపిణీ చేసే స్వేచ్ఛ అప్పట్లో లేదు. ప్రత్యామ్నాయంగా 1997లో గ్నోమ్ ప్రాజెక్టు పుట్టింది. రెండు లైసెన్సులకు పొత్తు కుదరదంటూ 1998లో డెబియన్ తన పంపిణీ నుంచి కేడీఈని తొలగించింది. ట్రోల్‌టెక్ ప్రకటించిన కొత్త లైసెన్సు సైతం జీపీఎల్‌తో పొసగలేదు. చివరకు 2000 సెప్టెంబరులో క్యూటీని జీపీఎల్ కింద కూడా విడుదల చేయడంతో వివాదం సమసింది. ఆసరికి గ్నోమ్ తన కాళ్లపై తాను నిలబడింది. ఒక్క లైసెన్సు పాఠం నాలుగేళ్ల శ్రమను రెండు పాయలు చేసిందన్నమాట!

2021 మార్చిలో జరిగినది మరీ విడ్డూరం. రూబీ భాషలోని 'మైమ్‌మ్యాజిక్' అనే చిన్న లైబ్రరీ ఎమ్‌ఐటీ లైసెన్సు కిందే లభించేది. అందులోని ఒక ఫైలు జీపీఎల్ ప్రాజెక్టు నుంచి వచ్చినదని బయటపడగానే నిర్వాహకుడు పాత ప్రతులను ఉపసంహరించాడు. దానిపై ఆధారపడిన 'రైల్స్' వేదికను కొత్తగా స్థాపించుకోబోయిన వారికి అది కుదరలేదు. రైల్స్ బృందం చివరకు అపాచీ లైసెన్సు కింద ఉన్న సమాచారాన్ని వాడే మరో లైబ్రరీకి మళ్లింది. తప్పు రైల్స్‌ది కాదు. అరువు తెచ్చినవారి అరువులో ఉంది.

ఇటువంటి చిక్కులకు మార్గాలు కొద్దివే. లైబ్రరీని మార్చుకోవాలి, దాని హక్కుదారుల నుంచి మినహాయింపు పొందాలి, లేదా సొంత ప్రాజెక్టు లైసెన్సునే మార్చాలి. చివరిదానికి కోడ్‌లో హక్కు గల ప్రతి ఒక్కరి సమ్మతీ అవసరం. వందలాది మంది చేయివేసిన ప్రాజెక్టులో అందరినీ వెతికి పట్టుకోవడం మాటలు కాదు.

విదేశీ ఖాతాదారులకు కోడ్ రాసి అప్పగించే బెంగళూరు, హైదరాబాదు సంస్థలకు ఇది దూరపు సంగతి కాదు. మన కాపీరైట్ చట్టం 1984 సవరణ నాటి నుంచీ కంప్యూటర్ ప్రోగ్రాములను సాహిత్య రచనలుగా పరిగణిస్తోంది. ప్రభుత్వ కార్యాలయాలు ఓపెన్ సోర్సుకు ప్రాధాన్యమివ్వాలని కేంద్రం 2015లో విధానమూ ప్రకటించింది. సాఫ్ట్‌వేరులోని భాగాల జాబితా తయారీపై సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు జారీ చేసింది. వాటి ప్రధానోద్దేశం భద్రతే అయినా, ఏ భాగం ఎక్కడిదో ముందే రాసి పెట్టుకొన్న సంస్థకు లైసెన్సు తనిఖీ సగం పూర్తయినట్లే. మిగిలిన సగానికి మాత్రం ఆ లైసెన్సులను ఎవరో ఒకరు కూర్చొని చదవక తప్పదు.