ఈ నెల మాట: మనోధర్మం



మన పెద్దల్లో చాలామంది పాత ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి మద్రాసు చేరి, గిర్మిట్ మీద ఫిజీకి ఓడ ఎక్కారు. ఆ జిల్లాలో కొంత భాగం 1911లో చిత్తూరు జిల్లా అయింది. మధురాంతకం నరేంద్ర గారు ఆ చిత్తూరు సీమ రచయితే. తండ్రి రాజారాం గారు బడిపంతులు, కథకులు. 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. నరేంద్ర గారు తిరుపతి విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పారు, కథలూ నవలలూ తెలుగులో రాశారు. దేవదాసీ కుటుంబాల గాయనుల బతుకుల మీద రాసిన నవల ‘మనోధర్మపరాగం’. దానికి 2022లో అదే అవార్డు వచ్చింది.

మనోధర్మం అంటే, రాగం తప్పకుండా, అప్పటికప్పుడు సొంతంగా కల్పించి పాడడం. పరాగం అంటే పుప్పొడి.

గుడి తరగతిలో నాలుగు అక్షరాలు నేర్చుకున్న గర్వంతో, చిన్నప్పుడు మా అవ్వ మాటను తప్పని దిద్దాను. ఆ తర్వాత అవ్వ నాతో హిందీలోనే మాట్లాడింది. ఆమె తెలుగు తప్పు కాదు, మనోధర్మం. నాకు ఆలస్యంగా తెలిసింది.

ఈ నెల మీ పని: ఇంట్లో పెద్దవాళ్ల మాట ఒకటి వినండి. దిద్దకుండా, విన్నది విన్నట్టే రాసుకోండి.