కాగితం ఎవరిది? బిళ్ళ ఎవరిది?

పిల్లల మనసు ఎట్లా ఉందో అడగడానికి బడికి ఎవరొచ్చినా మేం తలుపేసుకోం. దిగులు కూడా జబ్బే. దానికి డాక్టరు కావాలె, కొందరికి మందూ కావాలె. కాని అడిగేటోడి వెనక ఎవడున్నడో అడిగే హక్కు మనది. ఆ హక్కు వదులుకుంటే ఏమైతదో అమెరికా పేదపిల్లల కథ చెప్తది.

బాబాసాహెబ్ చదివిన కొలంబియా యూనివర్సిటీలోనే 'టీన్‌స్క్రీన్' అనే పరీక్ష పుట్టింది. బడిపిల్లలకు ఒక ప్రశ్నల కాగితం ఇచ్చేవాళ్ళు: దిగులుగా ఉందా, చావాలనిపించిందా? జవాబులను బట్టి కొందర్ని పక్కకు తీసేవాళ్ళు. పరీక్ష తయారుచేసినవాళ్ళే 2004లో అచ్చేసిన లెక్క చూడండి. పక్కకు తీసిన ప్రతి 100 మందిలో నిజంగా ఆపదలో ఉన్నవాళ్ళు 16 మంది. మిగతా 84 మంది మీద ఉత్తపుణ్యానికి అనుమానం పడ్డది. కొన్ని బళ్ళలోనైతే తల్లిదండ్రులు 'వద్దు' అని రాసి పంపకపోతే ఒప్పుకున్నట్టే లెక్క!

అధ్యక్షుడు బుష్ 2002లో వేసిన కమిషన్ 2003లో ఈ పరీక్షను ఆదర్శమన్నది. టెక్సాస్ రాష్ట్రపు మందుల పట్టికనూ అదే నోటితో మెచ్చుకున్నది. పిల్లల ఆత్మహత్యలు ఆపాలని 2004లో చేసిన చట్టం మూడేళ్ళకు 8 కోట్ల 20 లక్షల డాలర్లు కేటాయించింది.

ఏందీ పట్టిక? సర్కారు వైద్యంలో ఏ మనోవ్యాధికి ముందు ఏ మందు రాయాలో చెప్పేది. కొత్తవి, ఖరీదైనవి పైన ఉండేవి. దాని తయారీలో కంపెనీల డబ్బుంది. పెన్సిల్వేనియాలో అలెన్ జోన్స్ అనే ప్రభుత్వ విచారణాధికారి తవ్వితే కంపెనీ డబ్బు అధికారుల దాకా పోయినట్టు తేలింది. బయటపెట్టినందుకు ఆయన ఉద్యోగం ఊడింది. టెక్సాస్ వేసిన కేసులో జాన్సన్ అండ్ జాన్సన్ 2012లో 15 కోట్ల 80 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకున్నది. తప్పు మాత్రం ఒప్పుకోలేదు.

కంపెనీల పైసా ముట్టలేదని టీన్‌స్క్రీన్ వాళ్ళన్నారు. కావచ్చు. కాని పిల్లను పట్టిచ్చే కాగితం ఒకటి, బిళ్ళ చూపే పట్టిక ఒకటి, రెంటికీ సర్కారు మెచ్చుకోలు. కంపెనీకి ఇంకేం కావాలె? చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే ఇదే. దిగులు మందులు కొందరు పిల్లల్లో చావు ఆలోచనలు పెంచుతాయని ఆ దేశపు మందుల శాఖే 2004 అక్టోబరులో హెచ్చరించింది. టీన్‌స్క్రీన్ 2012లో మూతపడ్డది.

దెబ్బ ఎవరికి తగిలింది? సర్కారు సంరక్షణలో పెరిగే పిల్లలకు. నల్లజాతి పిల్లలు వాళ్ళలో జనాభా వాటాకు మించి ఉన్నారు. ఐదు రాష్ట్రాల్లో మిగతా పేదపిల్లల కంటే వాళ్ళకు 2.7 నుంచి 4.5 రెట్లు ఎక్కువగా మనసు మందులు రాశారని 2011లో ప్రభుత్వ ఆడిట్ తేల్చింది. అడిగే అమ్మ పక్కన లేకపోతే అంతే.

మనకిది కొత్తా? 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. అది మనసు మందు కాదు గాని, వచ్చిన దారి అదే. టీకా మెర్క్ కంపెనీది, నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ, అండ సర్కారుది. 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారని 2013లో పార్లమెంటు సంఘం చెప్పింది. టీకా మంచిదే. ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. కాని మన బిడ్డ మీద వార్డెన్ సంతకమేంది?

కాబట్టి తల్లిదండ్రులారా, సంఘం కార్యకర్తలారా! బడికి అట్లాంటి కాగితం వస్తే నాలుగు అడగండి. దీనికి పైసలెవరివి? జవాబులు ఎవరి దగ్గరుంటాయి? మా సంతకం ఏది? చివర దొరికేది మనిషా, బిళ్ళా?

100 మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సిలర్ ఉండాలని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. మన హాస్టల్లో, మన బడిలో ఆ మనిషి ఏడి? కలెక్టరుకు దరఖాస్తు పెడదాం. కులం పేరుతో తిట్టినోడిపై కేసు పెడదాం. అవమానానికి మందు బిళ్ళ కాదు, న్యాయం!