కంప్యూటరు మొరాయించినప్పుడు

ఒకప్పుడు ఇంటిలోని విలువైన వస్తువులన్నీ ఇనప్పెట్టెలో ఉండేవి. పొలం దస్తావేజులు, పిల్లల జాతకాలు, పెళ్ళి ఫొటోలు, దూరాన ఉన్న బంధువులు రాసిన ఉత్తరాలు అందులోనో, భోషాణంలోనో భద్రంగా ఉండేవి. ఈనాడు వాటిలో చాలాభాగం కంప్యూటరులోని హార్డ్ డిస్కులోకి చేరాయి. ఇనప్పెట్టెకు తాళం వేసి, తాళంచెవిని కొంగున ముడివేసుకొన్న ఇల్లాలు చూపిన జాగ్రత్తలో పదోవంతైనా ఈ కొత్త పెట్టె విషయంలో చాలామంది చూపడం లేదు. పనిచేస్తున్నంతకాలం దానిని ఎవరూ పట్టించుకోరు. అది మొరాయించిన రోజున మాత్రం ఇల్లంతా కలవరపడుతుంది. ఆ కలవరంలో చేసే పనులే చాలాసార్లు అసలు నష్టానికి దారితీస్తున్నాయి.

ఎన్నో ఇళ్ళలో జరిగే ఒక సంఘటనను ఊహించవచ్చు. డిగ్రీ చదివే అమ్మాయి ప్రాజెక్టు నివేదిక సమర్పించవలసిన రోజు దగ్గరపడింది. కొన్ని వారాలుగా కంప్యూటరు మందకొడిగా నడుస్తోంది. ఒక్కొక్క ఫైలు తెరుచుకోవడానికి నిమిషాలు పడుతోంది. ఒక ఉదయం మీట నొక్కగానే తెర నీలంగా మారి, అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి. "ఎప్పుడు చూసినా ఆటలే! అందుకే పాడైంది" అని తండ్రి చిన్న కొడుకును కోప్పడ్డాడు. పక్కింటి కుర్రవాడు వచ్చి, "ఫార్మాట్ చేసి మళ్ళీ విండోస్ వేస్తే సరిపోతుంది, అంకుల్" అన్నాడు. సాయంత్రానికి కంప్యూటరు కొత్తదానిలా వెలిగింది. అందరూ తేలికపడ్డారు. రాత్రి భోజనాలయిన తరువాత తల్లి అడిగింది: "మరి తాతయ్య మాట్లాడిన వీడియో ఏదీ?" ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు.

యంత్రాన్ని నడిపించడం వేరు, అందులో దాచుకొన్నదానిని కాపాడడం వేరు. ఈ రెండింటిలో ఏది ముందు చేయాలో తెలియకపోవడమే ఆ ఇంటివారు చేసిన పొరపాటు. డిస్కు పాడైతే అంగడిలో మరొకటి దొరుకుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ పాడైతే మళ్ళీ వేసుకోవచ్చు. కాని తాతయ్య గొంతు ఏ అంగడిలోనూ దొరకదు. కాబట్టి కంప్యూటరు మొరాయించినప్పుడు మొదటి కర్తవ్యం దానిని బాగుచేయడం కాదు. అందులోని సమాచారాన్ని బయటికి తీయడం. మరమ్మతు ఆ తరువాతి మాట.

ఈ మాట ఎందుకు చెప్పవలసి వస్తుందో తెలియాలంటే హార్డ్ డిస్కు పనిచేసే తీరును కొంత తెలుసుకోవాలి. 1956లో ఐ.బి.ఎం. సంస్థ మొట్టమొదటి హార్డ్ డిస్కును ప్రపంచానికి పరిచయం చేసింది. రెండు అడుగుల వ్యాసం గల యాభై పళ్ళేలను ఒకే ఇరుసుకు గుచ్చిన ఆ పరికరంలో దాచగలిగినవి సుమారు 50 లక్షల అక్షరాలు మాత్రమే. నేడు అరచేతిలో ఇమిడే డిస్కులో లక్ష కోట్ల అక్షరాలు పడతాయి. పరిమాణం ఎంత మారినా మూలసూత్రం మారలేదు. అయస్కాంత పూత పూసిన పళ్ళెం నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతూ ఉంటుంది. దానిపై సమాచారాన్ని రాసే, చదివే సన్నని శీర్షం పళ్ళేన్ని తాకకుండా తేలుతూ ఉంటుంది. ఆ రెండింటి మధ్య దూరం కొన్ని నానోమీటర్లే. తలవెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా అంత దూరం కన్న ఎక్కువే. ఇంత సున్నితమైన ఏర్పాటులో ఒక కుదుపు, ఒక ధూళికణం, సంవత్సరాల తరబడి కలిగిన అరుగుదల ఏదైనా చేటు తేవచ్చు. శీర్షం పళ్ళేన్ని గీరితే అక్కడి రాత శాశ్వతంగా పోతుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ అలా కాదు. అది వస్తువు కాదు, ఆదేశాల సముదాయం. గ్రంథాలయంతో పోలిస్తే ఈ భేదం సులభంగా తెలుస్తుంది. హార్డ్ డిస్కు పుస్తకాల బీరువా వంటిది. ఆపరేటింగ్ సిస్టమ్ గ్రంథపాలకుని వంటిది. గ్రంథపాలకునికి జబ్బుచేస్తే పుస్తకాలు తీసి ఇచ్చేవారు ఉండరు గాని, పుస్తకాలకు ఏ ముప్పూ లేదు. బీరువాకు చెదలు పడితే మాత్రం ఎంత సమర్థుడైన కొత్త గ్రంథపాలకుని నియమించినా ప్రయోజనం లేదు. చెదలు పట్టిన బీరువాను పక్కన పెట్టుకొని గ్రంథపాలకుని మార్చడం వంటిదే చెడుతున్న డిస్కు మీద కొత్తగా విండోస్ వేయడం.

రోగం ఎవరిదో తేల్చుకోవడం పెద్ద విద్యేమీ కాదు. కొత్త ప్రోగ్రామును చేర్చిన తరువాతనో, సిస్టమ్‌ను నవీకరించిన తరువాతనో చిక్కు మొదలైతే, సేఫ్ మోడ్‌లో కంప్యూటరు సవ్యంగా నడుస్తుంటే, తప్పు చాలావరకు ఆపరేటింగ్ సిస్టమ్‌దే. డిస్కు నుండి టక్ టక్ మని ఆగి ఆగి చప్పుడు రావడం, కొన్ని ఫైళ్ళను తెరిచినప్పుడే యంత్రం స్తంభించిపోవడం, ఫైళ్ళ పేర్లు గజిబిజిగా మారడం, అసలు డిస్కే లేదని కంప్యూటరు చెప్పడం - ఇవి డిస్కు జబ్బుకు గుర్తులు. సందేహం తీరకపోతే లినక్స్‌ను పెన్‌డ్రైవులో ఎక్కించి, దానితో కంప్యూటరును నడిపి చూడవచ్చు. ఇందుకు హార్డ్ డిస్కు మీద ఏమీ రాయవలసిన పని లేదు. అప్పుడు పాత ఫైళ్ళన్నీ చక్కగా తెరుచుకొంటే డిస్కు ఆరోగ్యంగా ఉన్నదని నమ్మవచ్చు. అప్పుడు కూడా ఫైళ్ళు తెరుచుకోక లోపాలు కనిపిస్తుంటే డిస్కునే అనుమానించాలి. విద్యుత్తు ఆపి, డిస్కుకు కలిపిన తీగ వదులైందేమో ఒకసారి చూసుకోవడం కూడా మంచిదే. కొన్ని పెద్ద భయాలు చిన్న తీగతో తీరిపోతాయి.

డిస్కు చెడుతున్నదని తెలిసిన తరువాత దాని ఆయుష్షు ఎంతో ఎవరూ చెప్పలేరు. మిగిలిన ప్రతి నిమిషాన్నీ పొదుపుగా వాడుకోవాలి. మరొక చోట ఎక్కడా లేనివాటిని, తిరిగి తయారుచేయలేనివాటిని ముందుగా వేరే డిస్కులోకి నకలు చేయాలి. సినిమాలు, పాటలు, ప్రోగ్రాములు చివరికి మిగిలినా ఫరవాలేదు. డిస్కులోని కొన్ని చోట్లు మాత్రమే చెడి ఉంటే డీడీరెస్క్యూ వంటి ఉచిత సాధనం ఉపయోగపడుతుంది. అది చెడిన చోట మొండిగా ఆగిపోకుండా, ముందు సులువుగా చదవగలిగిన భాగాలన్నిటినీ నకలు చేసి, ఆ తరువాతనే కష్టమైన చోట్లకు తిరిగివస్తుంది. అవసరమైన పాఠాలు ముందు చదివి, కఠినమైన వాటిని తరువాత పట్టుకొనే తెలివైన విద్యార్థి పద్ధతి ఇది.

చేయవలసిన పనుల కన్న చేయకూడని పనులను గుర్తుంచుకోవడం మరింత ముఖ్యం. నకలు తీయకముందే డిస్కును సరిదిద్దే పరీక్షలను నడపకూడదు. పళ్ళెం అంతటా గంటల తరబడి వెతికే ఆ పరీక్ష బలహీనమైన డిస్కుకు చివరి దెబ్బ కావచ్చు. ఫార్మాట్ చేయకూడదు. పోయిన ఫైళ్ళను వెతికే ప్రోగ్రామును అదే డిస్కులో చేర్చకూడదు. కొత్త రాత పాత రాత మీద పడితే పాతది ఇక తిరిగిరాదు. డిస్కు మూత విప్పడం, దానిని ఫ్రిజ్‌లో పెట్టడం వంటి గాలివాటు చిట్కాలను నమ్మకూడదు. చల్లబడిన లోహం మీద చేరే తేమ మేలు కన్న కీడే ఎక్కువ చేస్తుంది. డిస్కు నుండి చప్పుడు వినిపిస్తుంటే వెంటనే విద్యుత్తు ఆపివేసి, సమాచారాన్ని వెలికితీయడంలో నిపుణులైన వారికి అప్పగించడమే వివేకం. వారి రుసుము డిస్కు ధర కన్న ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండవచ్చు. పోయినదాని విలువ ఎంతో ఆ ఇంటివారే నిర్ణయించుకోవాలి.

కంప్యూటరును దుకాణానికి ఇచ్చేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. మరమ్మతు చేసే వ్యక్తి దృష్టి సహజంగా యంత్రం మీదనే ఉంటుంది. త్వరగా నడిపించి ఇస్తే తన పని పూర్తయినట్లే అతడు భావిస్తాడు. అందులో అతని తప్పు లేదు. ఇచ్చినవారు చెప్పకపోవడమే తప్పు. "ఇందులోని సమాచారం చెరిగిపోకూడదు" అన్న మాట మొదట చెప్పాలి, రసీదు మీద రాయించుకోవాలి.

ఇటువంటి జాగ్రత్తలు ఈ కాలంలో అవసరమా అని కొందరు ప్రశ్నిస్తారు. డిస్కులలో స్మార్ట్ అనే స్వీయ పరీక్షా ఏర్పాటు ఉన్నది గదా, చెడిపోయే ముందు అదే హెచ్చరిస్తుంది గదా అని వారి వాదం. గూగుల్ సంస్థ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ఒక పత్రాన్ని వెలువరించారు. తనిఖీలో మొదటి లోపం బయటపడిన డిస్కు, లోపం లేనిదానితో పోలిస్తే, తరువాతి 60 రోజులలో చెడిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువని వారు గమనించారు. అంటే హెచ్చరికను తేలికగా తీసుకోరాదు. అయితే చెడిపోయిన డిస్కులలో సగానికి పైగా వాటిలో ప్రధానమైన నాలుగు హెచ్చరికలలో ఏ ఒక్కటీ కనిపించలేదని కూడా ఆ పత్రమే చెప్పింది. హెచ్చరిక వస్తే ప్రమాదం ఉన్నట్లే. రానంత మాత్రాన క్షేమమని అర్థం కాదు.

తిరిగే పళ్ళేలు లేని సాలిడ్ స్టేట్ డ్రైవులు వచ్చాయి కాబట్టి భయం లేదని మరికొందరు అంటారు. అవి కుదుపులకు తట్టుకొంటాయి, వేగంగా పనిచేస్తాయి. కాని అవి కూడా చెడిపోతాయి. చెడేముందు చప్పుడు కూడా చేయకపోవచ్చు. పైగా వాటిలో చెరిపివేసిన ఫైళ్ళను తిరిగి రాబట్టడం పాత డిస్కుల కన్న కష్టం. ఇక ఇంటర్నెట్‌లో దాచుకొనే సదుపాయం ఉపయోగకరమే. అయితే కంప్యూటరులో ఒక ఫైలును చెరిపితే అక్కడ కూడా చెరిగిపోయే ఏర్పాటు అందులో సాధారణంగా ఉంటుంది. అది అద్దంలో ప్రతిబింబం వంటిది, పెట్టెలో దాచిన రెండో ప్రతి కాదు. కొన్ని కొత్త కంప్యూటర్లలో డిస్కులోని సమాచారం రహస్యలిపిలో ఉంటుంది. బిట్‌లాకర్ వంటి ఆ రక్షణకు 48 అంకెల పునరుద్ధరణ సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను ముందుగా రాసి దాచుకోకపోతే, డిస్కు ఆరోగ్యంగా ఉన్నా సొంత ఇంటికి తాళంచెవి లేని యజమాని పరిస్థితి ఏర్పడుతుంది.

కాబట్టి అసలైన మందు ఒక్కటే: రోగం రాకముందే నకలు. పీటర్ క్రోగ్ అనే ఛాయాగ్రాహకుడు ప్రచారంలోకి తెచ్చిన నియమం గుర్తుంచుకోవడానికి సులువైనది. ముఖ్యమైన ప్రతి ఫైలుకు మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల సాధనాలలో ఉండాలి. ఒక ప్రతి ఇంటికి వెలుపల ఉండాలి. నకలు తీసినంత మాత్రాన సరిపోదు, అది తెరుచుకొంటున్నదో లేదో అప్పుడప్పుడు చూడాలి. 1998లో అమెరికాలోని పిక్సార్ స్టూడియోలో 'టాయ్ స్టోరీ 2' చిత్రానికి సంబంధించిన ఫైళ్ళలో అధికభాగం పొరపాటున ఇచ్చిన ఒక ఆదేశంతో చెరిగిపోయాయి. నకళ్ళు ఉన్నాయి గదా అని చూస్తే, అవి సరిగా పనిచేయడం లేదని తేలింది. పసిబిడ్డ ఉన్నందున ఇంటి నుండి పనిచేస్తున్న గేలిన్ సుస్మన్ అనే సాంకేతిక నిపుణురాలి కంప్యూటరులో ఒక ప్రతి ఉండడం వల్ల ఆ చిత్రం బతికింది. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి, కారులో జాగ్రత్తగా స్టూడియోకు తీసుకువచ్చారు. అంతటి సంస్థను ఆ రోజు ఆదుకొన్నది గొప్ప యంత్రం కాదు, మరొక చోట ఉన్న మరొక ప్రతి.

ఈ పాఠం తెలుగువారికి కొత్తదేమీ కాదు. తాటాకు శాశ్వతం కాదని పూర్వులకు తెలుసు. అందుకే ఆకు శిథిలం కాకముందే కొత్త ఆకు మీదికి గ్రంథాన్ని ఎత్తిరాసేవారు. చెదలు, చెమ్మ, నిప్పు పాతప్రతిని కబళించినా మరొక ఊరిలో మరొక ప్రతి మిగిలేది. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను, లేఖకులను నియమించి, తన సొమ్ము వెచ్చించి, ఊరూరా చెదిరి ఉన్న తాళపత్ర ప్రతులను సేకరింపజేసి నకళ్ళు రాయించాడు. 1829లో ఆయన వేమన పద్యాలను అచ్చువేయగలగడం అటువంటి శ్రమ ఫలితమే. నాటి లేఖకుడు ఒక గ్రంథాన్ని ఎత్తిరాయడానికి రోజుల తరబడి గంటం పట్టవలసి వచ్చేది. నేటి విద్యార్థికి ఆ పని కొన్ని నిమిషాలది. అంత సులువైన పనిని రేపటికి వాయిదా వేయడం చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడమే.

ఇంట్లో కంప్యూటరు గురించి నాలుగు మాటలు తెలిసినవారు సాధారణంగా విద్యార్థులే. కాబట్టి ఈ బాధ్యత కూడా వారిదే. నెలకొక ఆదివారం ఒక గంట కేటాయించి, ఇంటివారి ఫొటోలను, పత్రాలను, పెద్దల మాటలను మరొక డిస్కులోకి చేర్చగలిగితే చాలు. ఏదో ఒకనాడు కంప్యూటరు తప్పక మొరాయిస్తుంది. యంత్రానికి అది సహజం. ఆనాటి రాత్రి భోజనాల తరువాత తల్లి "తాతయ్య వీడియో ఏదీ?" అని అడిగితే, బీరువాలోని చిన్న డిస్కును తెచ్చి ఆమె చేతిలో పెట్టగలగాలి.