దోమకు మన వాసనంటే ఎందుకంత మోజు?

వానలు మొదలయ్యాయంటే డెంగీ భయం, ఫాగింగ్ కోసం ఎదురుచూపులు. అసలు డెంగీని మోసే ఈడిస్ ఈజిప్టై దోమ మనుషులనే ఎందుకు వెతుక్కుంటుంది? కొంత జవాబు దాని జన్యువుల్లో ఉంది. కెన్యాలోని రబాయిలో ఈ దోమలు రెండు రకాలు కనిపించాయి. అడవి రకానికి జంతువుల వాసన ఇష్టం, ఇళ్లలో ఉండే రకానికి మనుషుల వాసన. మన ఒంటి వాసనలోని సల్కటోన్‌ను పసిగట్టే ఓఆర్4 జన్యువు ఇళ్లలోని రకంలో మరింత చురుగ్గా ఉంటుందని 2014లో శాస్త్రవేత్తలు తేల్చారు.

ఆఫ్రికాలో పొడి కాలం తీవ్రంగా ఉండే చోట్ల ఈ మోజు ఎక్కువని 2020లో మరో అధ్యయనం చెప్పింది. అక్కడ ఆ రోజుల్లో గుడ్లు పెట్టడానికి మనుషులు నిల్వచేసిన నీళ్లే దిక్కు. అంటే దోమను మనకు అలవాటు చేసింది మన నీటి తొట్లే కావచ్చు.

పొగ ఎగిరే దోమలనే చంపుతుంది. తొట్టి గోడకు అంటుకున్న గుడ్లు ఎండినా నెలల తరబడి బతుకుతాయి. అందుకే డ్రమ్ములు, కూలర్లు వారానికోసారి ఖాళీచేసి, లోపల రుద్ది కడగాలి.