ఊపిరి మందుకు వేళ తప్పనివ్వకండి



గుంటూరు జిల్లా నుండి ఒక సోదరి ఇలా రాశారు: “మా మామగారి వయస్సు 67 సంవత్సరాలు. ముప్పై ఏళ్లు బీడీలు కాల్చి మానేశారు. డాక్టరుగారు పరీక్ష చేసి సీఓపీడీ అన్నారు. రోజుకు రెండు పూటలా పీల్చమని ఇన్‌హేలర్ రాశారు. ఆయాసం లేని రోజుల్లో మామగారు దాన్ని ముట్టరు. ‘ఒకసారి అలవాటైతే ఇక వదలదు’ అంటారు. రమజాన్ రాగానే పూర్తిగా పక్కన పెడతారు. గత రమజాన్‌లో రెండవ అష్రా గడవకముందే ఆస్పత్రిలో చేర్చవలసి వచ్చింది. ఆయనకు ఏమని నచ్చజెప్పాలి?”

ఈ ప్రశ్న ఒక్క ఇంటికి సంబంధించినది కాదు. మన పెద్దల్లో ఎందరో ఇలాగే ఊపిరి మందును భయంతోనో, బిడియంతోనో, ధార్మిక సందేహంతోనో దూరం పెడుతున్నారు. నేను మదర్సాలో పాఠం చెప్పేవాణ్ణి, వైద్యుణ్ణి కాను. కాబట్టి ఊపిరితిత్తుల వైద్యులు తమ రోగులకు సాధారణంగా చెప్పే మాటలనే ఇక్కడ పొందుపరుస్తున్నాను. మీ ఇంట్లోని రోగికి ఏ మందు, ఎంత మోతాదు అన్నది ఆయన వైద్యుడే నిర్ణయించాలి.

వ్యాధి స్వభావం

సీఓపీడీ అంటే దీర్ఘకాలిక శ్వాస అవరోధ వ్యాధి. ఏళ్ల తరబడి పొగ, ధూళి తగిలి ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలు వాచిపోయి, ఇరుకై, కఫంతో నిండుతాయి. పీల్చిన గాలి పూర్తిగా బయటికి పోక లోపలే చిక్కుకుంటుంది. అందుకే నాలుగు మెట్లు ఎక్కినా దమ్ము వస్తుంది. పొగాకు దీనికి ప్రధాన కారణం. అయితే జీవితంలో ఒక్క బీడీ కూడా ముట్టని స్త్రీలకు సైతం కట్టెల పొయ్యి, పిడకల పొగ మూలంగా ఈ వ్యాధి వస్తుంది. గతంలో క్షయ సోకి తగ్గిన వారికీ, రాతి దుమ్ము పీల్చుతూ పని చేసిన వారికీ రావచ్చు. స్పైరోమెట్రీ అనే ఊపిరి పరీక్షతో దీన్ని నిర్ధారిస్తారు.

ఒకసారి దెబ్బతిన్న ఊపిరితిత్తి తిరిగి మునుపటిలా కాదు. ఈ మాట విని నిరాశ చెందనవసరం లేదు. క్రమం తప్పకుండా మందు వాడితే ఆయాసం అదుపులో ఉంటుంది, వ్యాధి హఠాత్తుగా విజృంభించే సందర్భాలు తగ్గుతాయి. విజృంభించిన ప్రతిసారీ రోగి తన శక్తిలో కొంత కోల్పోయే ప్రమాదం ఉంది. రోజూ వాడే ఇన్‌హేలర్ ఆ నష్టాన్ని నివారించడానికే.

రెండు ఇన్‌హేలర్లు, రెండు పనులు

ఈ వ్యాధిగ్రస్తుల వద్ద సాధారణంగా రెండు రకాల ఇన్‌హేలర్లు ఉంటాయి. మొదటిది ఆయాసం వచ్చినప్పుడు తక్షణ ఉపశమనం కోసం వాడేది. ఇందులో ఎక్కువగా సాల్బుటమాల్ ఉంటుంది. నిమిషాల్లో పని చేస్తుంది, కొద్ది గంటల్లో దాని ప్రభావం తగ్గిపోతుంది. రెండవది ఆయాసం ఉన్నా లేకపోయినా రోజూ వేళకు వాడేది. టయోట్రోపియం, ఫార్మోటెరాల్, సాల్మెటెరాల్ వంటివి గాలి గొట్టాలను 12 గంటలో, 24 గంటలో తెరిచి ఉంచుతాయి. కొందరికి వీటితో పాటు వాపును తగ్గించే బుడెసొనైడ్, ఫ్లూటికాసోన్ వంటి స్టెరాయిడ్ కూడా కలిపి ఇస్తారు.

ఆయాసం లేని రోజున రెండవ రకం మందు మానడం పెద్ద పొరపాటు. ఆ రోజు హాయిగా గడవడానికి ఆ మందే కారణమై ఉండవచ్చు. వాన కురవని రోజున ఇంటి కప్పు తీసి పక్కన పెట్టేవారు ఎవరూ ఉండరు కదా! ఇక అలవాటు సంగతి. బీడీలా ఈ మందు వ్యసనంగా మారదు. రక్తపోటు మాత్ర రోజూ వేసుకునే వారిని మనం వ్యసనపరులు అనము. వ్యాధి దీర్ఘకాలికమైనది, కాబట్టి మందు కూడా దీర్ఘకాలం వాడవలసి ఉంటుంది. స్టెరాయిడ్ అన్న పేరు విని బెదిరేవారు ఒక విషయం గమనించాలి. పీల్చే మందును మైక్రోగ్రాముల్లో కొలుస్తారు. మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. అది నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది గనుక అంత స్వల్ప మోతాదు సరిపోతుంది. దానికీ దుష్ఫలితాలు లేకపోలేదు, వాటిని ముందుకు వివరిస్తాను. మార్చాలన్నా, ఆపాలన్నా వైద్యుణ్ణి అడిగే చేయాలి.

దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా జరుగుతుంది. ఉన్నట్టుండి ఆయాసం ముంచుకొచ్చినప్పుడు రోజువారీ ఇన్‌హేలర్‌నే మళ్లీ మళ్లీ పీల్చేవారున్నారు. దానివల్ల ఉపశమనం ఆలస్యమవుతుంది, గుండె దడ, చేతుల వణుకు మొదలవుతాయి. వైద్యుడు ప్రత్యేకంగా చెబితే తప్ప రోజువారీ మందును అత్యవసరానికి వాడకూడదు. రెండింటి మీదా చిన్న కాగితం అంటించి “రోజూ”, “ఆయాసానికి” అని తెలుగులోనో, ఉర్దూలోనో పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. రంగును నమ్ముకోవద్దు, కంపెనీని బట్టి రంగు మారవచ్చు.

మరొక ప్రమాదం ఉంది. ఒక డాక్టరు రాసిన ఇన్‌హేలర్ ఇంట్లో ఉండగానే, మరో ఊరిలో మరో డాక్టరు వేరే పేరు గలది రాస్తారు. డబ్బా మీది పేర్లు వేరైనా లోపలి మందు ఒకటే కావచ్చు. రెండూ వాడితే మోతాదు రెట్టింపవుతుంది. ఏ వైద్యుని వద్దకు వెళ్లినా ఇంట్లోని ఇన్‌హేలర్లన్నీ ఒక సంచిలో వేసుకొని వెళ్లి చూపించండి. గుండె జబ్బు, గ్లకోమా, మూత్రం సరిగా రాని ప్రోస్టేటు సమస్య ఉంటే తప్పక చెప్పండి. టయోట్రోపియం వంటి మందుల వల్ల ఈ చివరి రెండూ పెరిగే అవకాశం ఉంది. ఆ పొడి కంట్లో పడకుండా చూసుకోవాలి.

పీల్చే పద్ధతి

మందు ఎంత మంచిదైనా గొంతులోనే మిగిలిపోతే ప్రయోజనం లేదు. డబ్బా నొక్కి స్ప్రే చేసే ఇన్‌హేలర్‌ను ఇలా వాడాలి. నిటారుగా కూర్చోవాలి లేదా నిలబడాలి. మూత తీసి, గొట్టంలో చెత్త ఏదైనా చేరిందేమో చూసి, బాగా కుదపాలి. ఊపిరిని మెల్లగా బయటికి వదలాలి. గొట్టాన్ని పళ్ల మధ్య ఉంచి పెదవులు బిగించాలి. నోటితో నిదానంగా గాలి పీల్చడం మొదలుపెట్టి, అదే క్షణంలో డబ్బాను ఒక్కసారి నొక్కాలి. పీల్చడం ఆపకుండా గుండెల నిండా తీసుకొని, 10 సెకన్లు లేదా వీలైనంత సేపు ఊపిరి బిగబట్టి, ఆపై వదలాలి. రెండో మోతాదు ఉంటే అర నిమిషం నుండి ఒక నిమిషం ఆగి, మళ్లీ కుదిపి తీసుకోవాలి. కొత్త ఇన్‌హేలర్‌నూ, చాలా రోజులు వాడకుండా ఉంచినదాన్నీ ముందుగా దానితో వచ్చే కాగితంలో చెప్పినన్ని సార్లు గాలిలోకి నొక్కి చూడాలి.

నొక్కడం, పీల్చడం ఒకేసారి చేయడం వృద్ధులకు కష్టం. అలాంటి వారికి స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం ఎంతో సహాయకారి. మందు అందులోకి చేరిన వెంటనే రోగి నిదానంగా పీల్చుకోవచ్చు. ఒక్కోసారి ఒక్క మోతాదే నొక్కాలి. స్పేసర్‌ను సబ్బు నీటిలో కడిగి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరబెట్టాలి.

క్యాప్సూల్ పెట్టి పీల్చే రోటాహేలర్ వంటి పరికరాల పద్ధతి వేరు. ఇందులో గాలిని వేగంగా, బలంగా పీల్చాలి. ఊపిరిని పరికరంలోకి వదలకూడదు, తేమ తగిలితే పొడి గడ్డ కడుతుంది. పీల్చిన తర్వాత క్యాప్సూల్‌లో పొడి మిగిలి ఉంటే మరోసారి పీల్చాలి. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, ఈ క్యాప్సూళ్లను మాత్రల్లాగా మింగకూడదు. మాత్రల డబ్బాలో వీటిని కలిపి ఉంచకండి.

వైద్యుని వద్దకు వెళ్లిన ప్రతిసారీ “నేను ఎలా పీలుస్తున్నానో చూడండి” అని అడగడం మంచి అలవాటు. సంవత్సరాలుగా వాడుతున్నవారు కూడా తెలియకుండానే పద్ధతి తప్పుతుంటారు.

నోరు పుక్కిలించండి

స్టెరాయిడ్ కలిసిన మందు నోటిలో, గొంతులో మిగిలితే నాలుక మీద తెల్లని పూత ఏర్పడవచ్చు, గొంతు బొంగురుపోవచ్చు. ఖుర్ఆన్ పారాయణం చేసేవారికి, అజాన్ పలికేవారికి ఇది ఎంత ఇబ్బందో చెప్పనవసరం లేదు. మందు పీల్చిన వెంటనే నీటితో నోరు పుక్కిలించి, గొంతు గరగరలాడించి ఉమ్మివేయాలి, ఆ నీటిని మింగకూడదు. దీనికి మన ఇళ్లలో సులువైన మార్గం ఉంది. మామూలు రోజుల్లో ఫజ్ర్‌కూ, మగ్రిబ్‌కూ వుజూ చేయబోయే ముందు మందు పీల్చండి. వుజూలో నోరు పుక్కిలించడం ఎలాగూ ఉంటుంది, గొంతు కూడా శుభ్రం చేసుకోవచ్చు. రోజుకు రెండు పూటల మందు మరచిపోకుండా ఉండటానికి కూడా నమాజు వేళలే గుర్తు.

పీల్చే స్టెరాయిడ్ వాడే సీఓపీడీ రోగుల్లో కొందరికి న్యుమోనియా ముప్పు కొంత పెరుగుతుంది. జ్వరం వచ్చినా, కఫం రంగు మారినా, పరిమాణం పెరిగినా ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించాలి.

లెక్క, నిల్వ

డబ్బాను నీటిలో వేసి, తేలిందా మునిగిందా అని చూసి మందు మిగిలిందో లేదో తేల్చే పద్ధతిని నమ్మకండి. లెక్క చూపే అంకెలు ఉంటే వాటిని గమనించండి. లేకుంటే మొదలుపెట్టిన తేదీని డబ్బా మీద రాయండి. 120 మోతాదులు గల డబ్బాను పూటకు రెండేసి చొప్పున రెండు పూటలా వాడితే సరిగ్గా 30 రోజులు వస్తుంది. ఆ తర్వాత నొక్కితే గాలి వచ్చినా, సరిపడా మందు రాకపోవచ్చు. మన వేసవిలో ఎండలో నిలిపిన కారులో, బండి డిక్కీలో, పొయ్యి దగ్గర దీన్ని ఉంచకూడదు. లోపల ఒత్తిడితో నింపిన వాయువు ఉంటుంది. ఉమ్రాకో, హజ్‌కో వెళ్లేవారు డాక్టరు చీటీతో సహా చేతి సంచిలోనే పెట్టుకోవాలి.

రమజాన్‌లో ఏం చేయాలి?

ఇన్‌హేలర్‌తో ఉపవాసం భంగమవుతుందా అన్న విషయంలో ధార్మిక విద్వాంసుల మధ్య భిన్నాభిప్రాయం ఉంది. మన దేశంలోని హనఫీ విద్వాంసుల్లో అత్యధికులు భంగమవుతుందనే చెబుతారు. షేఖ్ ఇబ్నె బాజ్, షేఖ్ ఇబ్నె ఉసైమీన్ వంటి అరబ్ విద్వాంసులు స్ప్రే రూపంలోని మందుతో భంగం కాదన్నారు. మీరు అనుసరించే విద్వాంసుణ్ణి అడిగి తెలుసుకోండి.

అయితే రోజువారీ ఇన్‌హేలర్ వాడే చాలామందికి ఈ సమస్యే తలెత్తదు. రోజుకు ఒకసారి వాడే మందును ఇఫ్తార్ తర్వాత తీసుకోవచ్చు. రెండుసార్లు వాడేదాన్ని సెహరీ ముగిసేలోపు ఒకసారి, ఇఫ్తార్ తర్వాత ఒకసారి తీసుకోవచ్చు. సెహరీలో నోరు పుక్కిలించడం కూడా ఫజ్ర్ వేళ ప్రవేశించక ముందే ముగించుకోవాలి. ఈ మార్పుల గురించి రమజాన్‌కు కొన్ని వారాల ముందే వైద్యునితో మాట్లాడాలి. ఉపవాసం ఉండగలిగే స్థితి ఉందో లేదో కూడా ఆయనే చెప్పాలి.

ఉపవాసంలో పగటి పూట ఆయాసం ముదిరితే వెంటనే ఉపశమన ఇన్‌హేలర్ వాడాలి, ఇందులో సంకోచానికి తావు లేదు. హనఫీ విద్వాంసుల ప్రకారం ఆ ఉపవాసానికి బదులు తర్వాత ఒక ఉపవాసం పాటిస్తే సరిపోతుంది, కఫ్ఫారా ఉండదు. అసలు ఉపవాసమే పాటించలేనంత వ్యాధి ఉండి, కోలుకునే ఆశ లేనివారు ఒక్కో రోజుకు ఒక్కో పేదవానికి భోజనం ఫిద్‌యాగా ఇస్తారు. బఖర సూరాలోని 184, 185 ఆయతులు వ్యాధిగ్రస్తులకు సడలింపునిచ్చాయి. అల్లాహ్ ఇచ్చిన సడలింపును స్వీకరించడం విశ్వాసలోపం కాదు. ప్రాణం ఆయన అప్పగించిన అమానత్, దాన్ని కాపాడుకోవడం మన విధి.

ఇంటివారి బాధ్యత

రోగి మందు వాడుతుంటే ఇంటివారు పొగ పెడుతుంటే ఫలితం ఉండదు. ఇంట్లో ఎవరూ పొగ తాగకూడదు. శుక్రవారం వేసే ఊదు, సాంబ్రాణి ధూపం, దోమల చుట్టలు, అగరువత్తులు ఆ రోగి ఉన్న ఇంట్లో మానడమే మంచిది. కట్టెల పొయ్యి వాడక తప్పనివారు దాన్ని ఆరుబయటికి మార్చాలి. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి వైద్యుణ్ణి అడగాలి. ఏటా జూన్‌లో చేపమందుకు హైదరాబాదు వెళ్లేవారూ, యునానీ మందులు తీసుకునేవారూ ఇన్‌హేలర్‌ను మాత్రం మానకూడదు.

ఉపశమన ఇన్‌హేలర్ వాడినా ఆయాసం తగ్గకపోతే, ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోతే, పెదవులు నీలంగా మారితే, మనిషి మగతగా, అయోమయంగా కనిపిస్తే క్షణం కూడా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

పెద్దలకు నచ్చజెప్పేటప్పుడు గద్దింపు పనికిరాదు. సెహరీలో పాలు అందించినట్టే ఇన్‌హేలర్‌ను కూడా అదే ఆదరంతో వారి చేతికి అందించండి. పీల్చేటప్పుడు పక్కన కూర్చోండి, పుక్కిలించడానికి నీళ్లివ్వండి. తల్లిదండ్రులకూ, అత్తమామలకూ చేసే సేవలో ఇది కూడా ఒకటి.

వ్యాధిగ్రస్తులందరికీ అల్లాహ్ షిఫా ప్రసాదించుగాక! వారికి సేవ చేసే చేతులకు శుభం కలిగించుగాక! ఆమీన్.